కొత్త లిస్టు కంటే ముందు పాత క్యాలెండర్

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి వినిపిస్తోందా? వినిపిస్తే చెయ్యెత్తండి. సరే, బాగుంది.

ముందు ఒక చిన్న పని. ఫోన్లు లోపలే ఉంచండి, వాటితో పని చివర్లో. నిరుడు ఏడాది మొదట్లో మీరు రాసుకున్న లక్ష్యాల్లో, రాసే అలవాటు లేకపోతే మనసులో గట్టిగా అనుకున్నవాటిలో, ఒక మూడు గుర్తు తెచ్చుకోండి. మొదటిది చాలామందికి వచ్చేసినట్టుంది. రెండోదానికి కొంచెం టైం పట్టింది. మూడోదాని దగ్గర పక్కవాళ్ల మొహాలు చూస్తున్నారు! నవ్వకండి, నాకూ అంతే. జీవితాన్నే మార్చేస్తుందనుకుని రాసుకున్న మాట పన్నెండు నెలలకే మర్చిపోయామంటే, ఆ పన్నెండు నెలల్లో జరిగింది మనకి ఏపాటి గుర్తుంటుంది? ఆ గుర్తులేనిదాని మీదే కదా ఇప్పుడు కొత్త లిస్టు కట్టబోతున్నాం.

ఆమధ్య నేను మూడేళ్ల డైరీలు మంచం మీద పక్కపక్కన పరిచి మొదటి పేజీలు మాత్రం చూశాను. ఒకదాంట్లో 'వ్యాయామం' అని ఉంది. తర్వాతి ఏడాది 'ప్రతిరోజూ వ్యాయామం'. ఆ తర్వాతి ఏడాది 'ప్రతిరోజూ వ్యాయామం (ఈసారి తప్పదు)'. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది, బ్రాకెట్టు ఒక్కటే కొత్తగా వచ్చింది.

దీనికి మన దగ్గర ఒక తిట్టు రెడీగా ఉంటుంది, ఆరంభ శూరత్వం అని. చాలా ఏళ్లు నన్ను నేను ఆ మాటతోనే తిట్టుకున్నాను. తిట్టుకోవడంలో ఒక సుఖం ఉంది, గమనించారా? ఒకసారి తిట్టేసుకుంటే లెక్క తేలిపోయినట్టే, ఇక లోపలికి వెళ్లి చూసే పని ఉండదు. నేను 'బద్ధకస్తుణ్ణి' అనుకున్నాక ఏ నెలలో, ఏ వారంలో, ఏం అడ్డం వచ్చి ఆగానో వెతకాల్సిన అవసరం ఏముంది చెప్పండి?

కొత్త ఏడాది ఉత్సాహం అబద్ధం అని నేను అనట్లేదు. 2014లో హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే పరిశోధకులు దీనిమీద ఒక పేపరు వేశారు. ఏడాది మొదలు, నెల మొదలు, ఆఖరికి వారం మొదలు, ఇలాంటి రోజుల తర్వాత జనం జిమ్‌కి వెళ్లడం పెరుగుతోందని అందులో చూపించారు. కారణంగా వాళ్లు చెప్పిన మాటల్లో ఒకటి నాకు బాగా నచ్చింది: తేదీ మారగానే మనం తప్పులన్నీ 'పాత నేను' ఖాతాలో రాసేసి, 'కొత్త నేను'ని శుభ్రంగా మొదలుపెడతాం. ఊపు రావడానికి అది మంచిదే. కానీ ఆ పాత మనిషిని అంత తొందరగా సాగనంపేస్తే, ఎక్కడ పడ్డాడో చెప్పేవాడే ఉండడు. మళ్లీ అదే గుంత, మళ్లీ మనమే.

సరే, వెనక్కి చూద్దాం అని కూర్చుంటాం అనుకోండి. అక్కడ ఇంకో చిక్కు. 1993లో డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు ఒక ప్రయోగం చేశారు. 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టించారు. ఇంకోసారి అదే 60 సెకన్లు, ఆపైన మరో 30 సెకన్లు, ఆ 30 సెకన్లలో మాత్రం నీళ్లని నెమ్మదిగా 15 డిగ్రీలకి తెచ్చారు, అంటే బాధ ఉంది కానీ కాస్త తగ్గింది. మళ్లీ చేయాలంటే ఏది చేస్తారు అని అడిగితే ఎక్కువమంది పొడుగుదే కోరుకున్నారు! మొత్తం బాధ ఎక్కువైనా సరే, చివర కొంచెం తేలిగ్గా అయింది కాబట్టి. జ్ఞాపకం ఎంతసేపు జరిగిందో లెక్కపెట్టదు, బాగా గుచ్చుకున్న క్షణాన్నీ, ముగిసిన తీరునీ పట్టుకుంటుంది.

దీన్ని ఏడాదికి పెట్టి చూసుకోండి, ఇది నా పోలికే, ఆ ప్రయోగం చెప్పింది కాదు. డిసెంబరులో ఆఫీసులో ఒక గొడవ జరిగితే ఏడాదంతా చెత్త. డిసెంబరులో ప్రమోషన్ వస్తే ఏడాదంతా బ్రహ్మాండం. మధ్యలో పది నెలలు ఎవరికీ చెప్పకుండా జారిపోతాయి. అందుకే నేను ఏడాదిని జ్ఞాపకాన్ని అడగడం మానేశాను. క్యాలెండర్ని అడుగుతాను, ఫోన్లో ఫొటోలని, పాత మెసేజీలని, బ్యాంకు స్టేట్‌మెంటుని అడుగుతాను. అవి మనమీద ప్రేమతోనో కోపంతోనో మాట్లాడవు.

నా సంగతే చెబుతాను. ఒక ఏడాది చివర్లో, 'ఈ సంవత్సరం ఏమీ చేయలేదు' అని చెల్లితో అన్నాను. నిజంగానే అలా అనిపించింది. ఆన్‌లైన్లో డబ్బు కట్టి చేరిన కోర్సు సగంలో ఆగిపోయింది, వ్యాయామం సంగతి మీకు తెలుసు. తర్వాత నెలనెలకీ ఒక లైను రాద్దామని క్యాలెండర్ తెరిచాను. ఏప్రిల్లో అమ్మకి మోకాలి ఆపరేషన్. అక్కణ్ణుంచి జూలై దాకా వారానికి రెండు రోజులు ఫిజియోథెరపీ, తీసుకెళ్లిందీ తీసుకొచ్చిందీ నేనే. ఒక వీడియో దొరికింది, పదకొండు సెకన్లది. అమ్మ వాకర్ వదిలేసి హాల్లోంచి గేటు దాకా నడుస్తోంది, వెనక నా గొంతు, 'మెల్లిగా, మెల్లిగా' అని. ఆ ఏడాది నేను చేసిన పెద్ద పని అదే. ఏ లిస్టులోనూ లేదు కాబట్టి లెక్కలోకి రాలేదు.

ఇక్కడితో ఆగితే కథ బాగుండేది. కానీ క్యాలెండర్ చూశాక కోర్సు కూడా తెరిచాను. నా మనసులో లెక్క ఏమిటంటే, అమ్మ ఆపరేషన్ వల్ల కోర్సు ఆగిపోయింది అని. బంధువులకీ అలాగే చెప్పాను, వాళ్లూ 'అయ్యో పాపం' అన్నారు. స్క్రీన్ మీద చివరిసారి తెరిచిన తేదీ ఉంది. ఫిబ్రవరి 9. ఆపరేషన్‌కి రెండు నెలల ముందు! కావాలని అబద్ధం ఆడలేదు, నిజంగానే నమ్మాను. అమ్మ మోకాలి మీద నా బద్ధకాన్ని కూడా ఎక్కించేశానని ఆ రోజు తెలిసింది. ఆ వారం ఏమైందా అని మెసేజీలు తిరగేస్తే, ఆఫీసులో షిఫ్టు మారింది, ఉదయం ఏడు గంటలకి చదివే టైం కాస్తా ప్రయాణానికి పోయింది. ఇంకో టైం వెతుక్కోలేదు, అంతే. దీంట్లో పాపమూ లేదు, త్యాగమూ లేదు, ఒక షిఫ్టు ఉంది.

'అబ్బే, నాకు బాగానే గుర్తుంటుంది' అనేవాళ్లకి ఇంకొకటి. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకి, రష్యాకి వెళ్లేముందు, అక్కడ ఏమేం జరగొచ్చో అంచనా వేయమని బారుక్ ఫిష్‌హాఫ్, రూత్ బైట్ అనేవాళ్లు విద్యార్థుల్ని అడిగారు. పర్యటనలు అయిపోయాక, అప్పుడు మీరు ఏ అంచనా వేశారో గుర్తు చేసుకోండి అన్నారు. జరిగినవాటికి తాము నిజంగా వేసినదానికంటే ఎక్కువ అవకాశం వేసినట్టే వాళ్లకి గుర్తొచ్చింది. 'నేను ముందే అనుకున్నాను' అనే మాట మన ఇళ్లలో రోజుకి ఎన్నిసార్లు వినిపిస్తుంది! అందుకే జనవరిలో ఏం అనుకున్నామో జనవరిలోనే ఎక్కడో రాసి ఉండాలి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే ముగ్గురు, థీసిస్ రాస్తున్న విద్యార్థుల్ని ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? సుమారు 49. నిజంగా పట్టినవి 55 పైనే. ఇదంతా మనకి కొత్తేం కాదు, నెల అన్నది రెండు నెలలు కావడం చూస్తూనే ఉంటాం. అదే పేపర్లో ఇంకో ప్రయోగం ఉంది, అసలు విషయం అక్కడ ఉంది. కొంతమందిని గతంలో ఇలాంటి పనులకి ఎంత టైం పట్టిందో గుర్తు చేసుకోమన్నారు. గుర్తు చేసుకున్నారు, అయినా మళ్లీ అదే తక్కువ అంచనా! ఇంకొంతమందిని మాత్రం, ఆ పాత అనుభవాన్ని ఈ పనికి ముడిపెట్టి, ఈసారి ఎలా జరగొచ్చో చెప్పమన్నారు. వాళ్ల అంచనాలు మాత్రం నేలమీదకి దిగాయి.

అంటే కూర్చుని ఏడాదిని తలుచుకుంటే సరిపోదు. తలుచుకుని, నిట్టూర్చి, పేజీ తిప్పి మళ్లీ 'ప్రతిరోజూ' అని రాస్తే ఫలితం మారదు. నిరుటి పేజీని తెచ్చి ఈ ఏటి పేజీ పక్కన పెట్టాలి, ఒక్కో లక్ష్యాన్నీ పట్టుకుని నువ్వు ఏ వారంలో ఆగావు, ఆ వారం మళ్లీ వస్తే ఏం చేస్తావు అని అడగాలి. 'ఎందుకు చేయలేకపోయాను' అని మాత్రం అడక్కండి. ఆ 'ఎందుకు' మనల్ని నేరుగా 'నేనింతే' దగ్గరికి తీసుకెళ్లి వదిలేస్తుంది, రాత్రి నిద్ర పట్టదు, పొద్దున్న పనీ జరగదు. ఎప్పుడు, ఎక్కడ, ఆ టైం దేనికి పోయింది, ఇవి అడగండి.

నేను అలా అడిగితే కూడికల లెక్క ఒకటి బయటపడింది. ఆ ఏడాది నా లిస్టులో ఆరు లక్ష్యాలు, ఒక్కోదానికి రోజుకో గంట. రోజుకి ఆరు గంటలు. ఆఫీసు నుంచి వచ్చాక నాకు మిగిలేది మంచి రోజున రెండు. మూడేళ్లుగా నన్ను నేను తిట్టుకున్నది ఈ లెక్క తప్పినందుకా అని నవ్వొచ్చింది. ఇంకా విచిత్రం, ఆ ఆరింట్లో ఒకటి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం, అసలు నాది కాదు. పక్క సీట్లో అందరూ నేర్చుకుంటున్నారని రాసుకున్నాను. దాన్ని కొట్టేసిన రోజు ఓడిపోయినట్టు అనిపించలేదు, ఎవరి సామానో తిరిగి ఇచ్చేసినట్టు అనిపించింది.

ఇప్పుడు నా పేజీలో రెండే ఉన్నాయి. వ్యాయామం ఉంది, 'ప్రతిరోజూ' లేదు, మంగళ, గురు, శని అని ఉంది, దాని కింద 'షిఫ్టు మారితే సాయంత్రం' అని ఉంది. నాకు షిఫ్టు మారుతుందని ఇప్పుడు తెలుసు కాబట్టి.

నా మాటలు అయిపోయాయి. ఇప్పుడు ఫోన్లు తీయండి. నిరుటి మార్చి నెల ఫొటోలకి వెళ్లండి, మార్చి ఎందుకంటే ఎవరికీ గుర్తుండదు కాబట్టి. పది నిమిషాలు టైముంది. మీరు పూర్తిగా మర్చిపోయిన ఒక్క పని దొరికితే చాలు, చెయ్యెత్తండి, మైకు అక్కడికి పంపిస్తాను.