మేకు లేని పెట్టె, 54 వేలు | వైజాగ్ వ్లాగ్

హాయ్ అండీ, బావున్నారా! వైజాగ్‌లో మూడో రోజు. "ఆ చెక్కపెట్టె ఏటో వీడియో తియ్యవే" అని పిన్ని నిన్నట్నుంచీ ఒకటే గొడవ. ఇదిగో, టీపాయ్ మీద పెట్టాను. కెనడాలో 900 డాలర్లు. డాలరు 60 వేసుకున్నా 54 వేలు. అవును, ఇనప బీరువా వచ్చేసేది. అమ్మ అప్పుడే అనేసింది.

మూలలు దగ్గరగా చూడండి. మూడింటికి అతుకే లేదు. నాలుగు గోడలూ ఒకటే పలక! బెంట్‌వుడ్ బాక్స్ అంటారు. కెనడా పడమటి తీరంలో హైడా, సిమ్షియన్ లాంటి ఆదివాసుల పనితనం.

రెడ్ సీడర్ పలక, నార తిన్నగా ఉండాలి, కన్ను, అంటే కొమ్మ మొలిచిన చోట ఉండే ముడి, ఒక్కటి కూడా ఉండకూడదు. కన్ను దగ్గర నార పక్కకి తిరుగుతుంది, సరిగ్గా అక్కడే విరుగుతుంది. బట్టీలో ఎండబెట్టిన చెక్క అసలు పనికిరాదు, ఆవిరికి లొంగదు. మూల రావాల్సిన మూడు చోట్ల లోపలివైపు అడ్డంగా గాడి కోస్తారు. గాడి కింద మందం ఎక్కువుంటే మడిచేటప్పుడు బయటి నార ఫట్‌మంటుంది, మరీ పల్చనైతే మూల నిలవదు. ప్రాణమంతా ఆ గాడిలోనే.

తర్వాత ఆవిరి. మన వాసెనపోలు ఉడికినట్టే అనుకోండి. పూర్వం కాలిన రాళ్ల మీద తడి సముద్రపు నాచు కప్పేవారు, ఇప్పుడు ఆవిరిపెట్టె. అంగుళం మందానికి గంట అన్నది వడ్రంగి లెక్క. బయటికి తీశాక ఒకటి రెండు నిమిషాలే టైం. టకటకా మడిచి, తాడుతో బిగించి, చల్లారేదాకా ముట్టుకోరు. నాలుగో మూలకి చెక్క చీలలు కొడతారు, లేదా వేర్లతో కుడతారు. అడుగు పలకకీ చీలలే. చెక్కడం, రంగులు ఆ తర్వాతే. ఈ నల్లటి గీత చూశారా, లావెక్కుతూ సన్నబడుతూ ఎక్కడా తెగకుండా వెళ్తోంది. బొమ్మకి ఎముకల గూడు అదే. లోపల ఎరుపు.

వీటిలో వంట కూడా చేసేవారండీ! పెట్టెలో నీళ్లు పోసి కాలిన రాళ్లు వేస్తే మరుగుతాయి. చుక్క కారదట. నాకైతే అతుకు కంటే అదే వింత.

వాళ్ల పాట్‌లాచ్ వేడుకలో ఇలాంటివి పంచిపెట్టేవారు, మన సారెలా. పిలిచినవాళ్లే ఇవ్వాలి, అదే పరువు. ఆ వేడుకని కెనడా ప్రభుత్వం 1885 నుంచి 1951 దాకా నిషేధించింది. వేడుకే లేకపోతే పెట్టెలు ఎవరడుగుతారు?

మన ఏటికొప్పాక బొమ్మల వాళ్లది వేరే దారి. అంకుడు కర్ర మరమీద తిరుగుతుంటే లక్క కడ్డీ నొక్కుతారు, రాపిడి వేడికే కరిగి పట్టేస్తుంది, మొగలి ఆకుతో మెరుపు. 2017లో జీఐ (భౌగోళిక) గుర్తింపు, సహజ రంగులు మళ్లీ తెచ్చిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ. రేపు వెళ్దామంటే మా బావ కారు సర్వీసింగ్‌లో ఉందట. ఎప్పుడూ ఇంతే.

ఒక్క జాగ్రత్త. ఎండలోనూ ఏసీ గాలికీ ఎదురుగా పెట్టకూడదు, పగులుతుంది. మన సముద్రపు తేమకి చెక్క ఉబ్బుతుంది, అందుకే మూత కాస్త వదులుగా ఉండడమే మంచిది.

పిన్నీ, గ్లాసుతో ఏం కొలుస్తున్నావ్? అయ్యో, కందిపప్పు కాదు! పప్పంతా సీడర్ వాసన కొడుతుంది!