సెల్ఫ్ బరువుగా తిరుగుతోందా? ఈ క్లాంప్ మీటర్ ఏం చెప్పిందంటే...

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ క్లాంప్ మీటర్, అంటే వైరును తెంపకుండా చుట్టూ దవడలు వేసి కరెంటు కొలిచే మీటర్, కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. స్పెసిఫికేషన్లు ఈపాటికి మీరు చూసే ఉంటారు, నేను చదవను. నాకు కావాల్సింది ఒక్కటే. తాళం తిప్పితే ఇంజిన్ ‘ర్ర్... ర్ర్...’ అని ఈడుస్తున్నప్పుడు, తప్పు ఎక్కడుందో దీంతో పట్టుకోవచ్చా?

ఎందుకంటే పాత మల్టీమీటర్‌తో నేను బాగా దెబ్బతిన్నా. కారుకి అచ్చం ఇదే జబ్బు. బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు, అంటే ఫుల్. అయినా ఎవరో చెప్పారని కొత్త బ్యాటరీ వేయించా. మర్నాడు పొద్దున మళ్లీ అదే ఏడుపు! బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే ఎర్త్ వైరును ఓమ్స్‌లో, అంటే కరెంటుకు ఎంత అడ్డుందో కొలిచే సెట్టింగులో పెట్టి చూశా, దాదాపు సున్నా. బాగానే ఉందనుకున్నా. బోల్తా పడింది అక్కడే. లోపల తుప్పు పట్టి నాలుగు పోగులు మిగిలినా మీటర్ సున్నాయే చూపిస్తుంది. అది పంపే కరెంటు ఏపాటిది? సెల్ఫ్ లాగేదేమో వంద, రెండు వందల ఆంపియర్లు. 150 ఆంపియర్ల దగ్గర 0.01 ఓమ్ అడ్డుపడినా 1.5 వోల్టులు అక్కడే పోతాయి.

కాబట్టి వైరును సెల్ఫ్ కొడుతూనే చూడాలి. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఫ్యూయల్ పంప్ ఫ్యూజు పీకేయండి. మీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, దానికి బిగించిన వైరు క్లాంపు మీద కాదు, సీసం పోల్ మీదే. రెండోది ఇంజిన్ బ్లాక్ మీద. 0.2 వోల్టులు దాటితే ఎర్త్‌ని అనుమానించండి. నాకు 1.3 వచ్చింది! పాజిటివ్ వైపు, పోల్ నుంచి సెల్ఫ్ మోటార్ బోల్టు దాకా, 0.5 లోపు ఉండాలి.

ఇక బాక్సు మీద ఇంత పెద్దగా రాసిన ‘ఇన్‌రష్’ బటన్. దీని మీద నాకు ఒళ్లు మండింది. మోటార్ కదిలే మొదటి క్షణంలో లాగే కరెంటును పట్టి, స్క్రీన్ మీద వందల ఆంపియర్లు చూపించి భయపెడుతుంది. మనకు కావాల్సింది ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ పోయే కరెంటు. అది మామూలు డీసీ ఆంప్స్‌లోనే కనిపిస్తుంది, జీరో బటన్ నొక్కి మొదలుపెట్టండి చాలు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతూ కరెంటు మామూలు కన్నా ఎక్కువ లాగుతుంటే సెల్ఫ్ మోటారో, ఇంజినో బిగుసుకున్నట్టు. కరెంటు తక్కువ, బ్యాటరీ వోల్టేజీ బాగానే ఉంటే, దారిలో ఎక్కడో అడ్డు. వైరు, జాయింటు, లేదా మోటార్ లోపలి బ్రష్‌లు. కరెంటు పెద్దగా లేకుండానే వోల్టేజీ 9.6 కిందకి జారిందా, బ్యాటరీ పోయినట్టే. చలిలో అయితే ఆ అంకె ఇంకాస్త తగ్గొచ్చు.

బ్యాక్‌లైట్ 15 సెకన్లకే ఆరిపోతోంది. ఒంటరిగా పని చేసేవాడు బానెట్ దగ్గర, తాళం దగ్గర ఒకేసారి ఎలా ఉంటాడు? నేను ఫోన్‌ని మీటర్ ఎదురుగా పెట్టి వీడియో తీసుకున్నా.

అయినా దీన్ని నేను వదలను. ఆ ఒక్క డీసీ క్లాంప్ కోసమే. పాత మీటర్‌తో కరెంటు చూసే దారే లేదు మరి! కంపెనీ వాళ్లూ, ఈసారి బాక్సులో రెండు మొసలి క్లిప్పులు పెట్టండి. చేతులు రెండే ఉన్నాయి మాకు.