రుడాల్ఫ్ గొంతు టొరంటోది

[తెర మీద ప్రపంచ పటం. న్యూయార్క్, టొరంటో, టోక్యో దగ్గర ఒక్కొక్క చుక్క వెలుగుతుంది.]

నమస్కారం. అమెరికాలో డిసెంబరు వచ్చిందంటే టీవీలో తప్పకుండా కనిపించే ఒక బొమ్మల సినిమా ఉంది. 'రుడాల్ఫ్ ద రెడ్ నోజ్డ్ రెయిన్‌డీర్'. 1964 డిసెంబరు 6, ఆదివారం సాయంత్రం ఎన్‌బీసీ టీవీ చానల్లో మొదటిసారి ప్రసారమైంది. ఆనాటి నుంచి ఏటా వస్తూనే ఉంది. చిన్నప్పుడు చూసినవాళ్లు ఇప్పుడు మనవలతో కూర్చుని చూస్తున్నారు.

కథ ఉత్తర ధ్రువంలో జరుగుతుంది. తీయించిన కంపెనీ న్యూయార్క్‌ది. బొమ్మలను కదిలించింది టోక్యోలో. మాటలు పలికింది మాత్రం కెనడాలో, టొరంటోలో. ఆ మాటలు పలికినవాళ్ల గురించే ఈ వీడియో. యాభై ఏళ్లకు పైగా కోట్ల మంది విన్న గొంతులు అవి. వాటి వెనకున్న మనుషులను రోడ్డు మీద చూసి గుర్తుపట్టినవాళ్లు మాత్రం చాలా తక్కువ.

[రుడాల్ఫ్ కథ: నాలుగైదు గీతల బొమ్మలు, వేగంగా.]

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. శాంటా బండి లాగే రెయిన్‌డీర్లలో, అంటే మంచు ప్రాంతపు జింకల్లో, డానర్ అనే దానికి కొడుకు పుడతాడు. వాడి ముక్కు ఎర్రగా దీపంలా వెలుగుతుంది. అందరూ వెక్కిరిస్తారు, ఆటల్లో చేర్చుకోరు. వాడు ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. చివరికి ఒక క్రిస్మస్ రాత్రి మంచు తుఫాను ముంచుకొస్తే శాంటాకు దారి చూపేది ఆ ముక్కే. ఈ రుడాల్ఫ్‌ను 1939లో మాంట్‌గొమరీ వార్డ్ అనే దుకాణాల సంస్థ కోసం రాబర్ట్ మే ఒక చిన్న పుస్తకంలో సృష్టించారు. ఆయన బావమరిది వరసయ్యే జానీ మార్క్స్ దాన్ని పాటగా రాశారు. 1949లో జీన్ ఆట్రీ పాడాక అది ఇంటింటి పాటయింది. ఆ పాటకు రోమియో ముల్లర్ కొత్త పాత్రలు జోడించి స్క్రిప్ట్ రాస్తే, ఆర్థర్ రాంకిన్, జూల్స్ బాస్ దాన్ని టీవీ కోసం నిర్మించారు. ఖర్చు పెట్టుకున్న స్పాన్సర్ జనరల్ ఎలక్ట్రిక్.

[రికార్డింగ్ టేపు తిరుగుతోంది. పక్కన గళ్ల కాగితం.]

గొంతుల దగ్గరికి వెళ్లేముందు ఒక విషయం తెలియాలి. మనకు డబ్బింగ్ బాగా అలవాటు. తెర మీద పెదాలు కదులుతుంటాయి, ఆర్టిస్టు వాటిని చూస్తూ మాట కలుపుతారు. ఈ రకం బొమ్మల సినిమాలో అంతా తలకిందులు. ముందు మాట, తర్వాత బొమ్మ. టొరంటోలో నటులు మైకు ముందు నిలబడి మొత్తం నాటకాన్ని పలికేశారు. ఆ టేపులు జపాన్ వెళ్లాయి. అక్కడ తదహితో మోచినాగా బృందం ఆ శబ్దాన్ని ఫ్రేము ఫ్రేముగా విడగొట్టి, ఏ ఫ్రేములో ఏ అక్షరం పడుతోందో గళ్ల కాగితం మీద రాసుకుని, దాని ప్రకారం బొమ్మలను పిసరంత కదిలిస్తూ ఒక్కొక్క ఫ్రేమూ కెమెరాతో తీసింది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక నిమిషానికి 1,440.

అంటే ఆ గొంతు పలికేటప్పటికి రుడాల్ఫ్ కళ్లు ఎటు చూస్తాయో, చెవులు ఎప్పుడు వాలిపోతాయో ఎవరికీ తెలియదు. నటి ఎక్కడ ఊపిరి పీల్చుకుందో, ఎక్కడ మాట మింగిందో, అదే తర్వాత బొమ్మ నటన అయింది. బొమ్మకు ప్రాణం పోసింది యానిమేటర్లే, సందేహం లేదు. కానీ ఆ ప్రాణం ఎంత వేగంతో కొట్టుకోవాలో ముందే నిర్ణయించింది గొంతు.

[పాత రేడియో స్టూడియో: ఒకే మైకు చుట్టూ స్క్రిప్టులు పట్టుకున్న మనుషుల నీడలు.]

మరి న్యూయార్క్ కంపెనీ టొరంటోకి ఎందుకు వెళ్లింది? మొదటి కారణం డబ్బు. కెనడాలో రికార్డింగ్ చవక. రెండో కారణం నాకు ముఖ్యంగా అనిపిస్తుంది. అమెరికాలో టీవీ దెబ్బకు రేడియో నాటకం కుప్పకూలింది. పెద్ద నెట్‌వర్కుల చివరి రేడియో నాటకాలు 1962 సెప్టెంబరులో ఆగిపోయాయి. కెనడాలో మాత్రం సీబీసీ, అంటే వాళ్ల ఆకాశవాణి లాంటి సంస్థ, రేడియో నాటకాన్ని బతికించింది. టొరంటోలో గొంతుతోనే బతికే నటుల బృందం ఒకటి సిద్ధంగా ఉంది. మొహం కనిపించకుండా వయసు, ఒళ్లు, కోపం, సిగ్గు అన్నీ చెప్పగలరు. ఒకే సీన్లో రెండు మూడు పాత్రలు మార్చి మార్చి పలకగలరు. వాళ్లందరినీ ఒకచోట చేర్చి రికార్డింగ్ పర్యవేక్షించింది బెర్నార్డ్ కోవాన్. ఆయన కూడా కెనడా ప్రసార రంగం మనిషే.

[ఎర్ర ముక్కు బొమ్మ. పక్కన క్రెడిట్ల అక్షరాలు.]

ఇక రుడాల్ఫ్. సినిమా టైటిల్స్‌లో ఆ పాత్రకు 'బిల్లీ రిచర్డ్స్' అని పడింది, మగపిల్లాడి పేరులా ఉండే స్పెల్లింగ్‌తో. అసలు పేరు బిల్లీ మే రిచర్డ్స్. అప్పటికి నలభై దాటిన మహిళ. అదే టైటిల్స్‌లో సంవత్సరాన్ని రోమన్ అంకెల్లో వేస్తూ ఒక అక్షరం వదిలేశారు. 1964 కాస్తా 1164 అయింది. ఏడాది పొరపాటు గురించి సినిమా ప్రియులు తెగ ముచ్చటించుకుంటారు. ఆమె పేరు గురించి అంత మాట్లాడుకోరు. నాకైతే పేరు తప్పే పెద్ద తప్పు.

బిల్లీ మే 1921లో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కెనడా నౌకాదళంలో చేరి, 'మీట్ ద నేవీ' అనే స్టేజి ప్రదర్శనలో పాల్గొన్నారు. తర్వాత సీబీసీ రేడియోలో 'జేక్ అండ్ ద కిడ్' అనే ధారావాహికలో 'కిడ్', అంటే కుర్రాడు, ఆమే. అంటే రుడాల్ఫ్ దగ్గరికి వచ్చేనాటికి మగపిల్లాడిగా మాట్లాడటం ఆమెకు కొత్త కాదు. మన డబ్బింగ్‌లోనూ పిల్లల పాత్రలకు ఆడవాళ్లు గొంతు ఇవ్వడం మామూలే. అయితే ఇక్కడ ఇంకో కష్టం ఉంది. కథలో రుడాల్ఫ్ పసికూనగా మొదలై కొమ్ములు వచ్చిన కుర్రాడవుతాడు. నిజంగా ఒక పిల్లాడిని పెట్టుకుంటే రెండో సగానికి ఇంకొకరిని వెతకాలి. బిల్లీ మే రెండు వయసులూ తానే పలికారు. తండ్రి మట్టితో చేసిన నల్ల ముక్కు తగిలించినప్పుడు ముక్కు మూసుకుపోయినట్టు మాట్లాడే సీన్ మళ్లీ వినండి. నవ్వొస్తుంది, వెంటనే జాలేస్తుంది. ఒకే వాక్యంలో ఆ రెండూ తెప్పించడం అందరివల్లా అయ్యే పని కాదు. తర్వాత 1976లో, 1979లో వచ్చిన కొనసాగింపుల్లోనూ రుడాల్ఫ్ ఆమే. 1985 నాటి కేర్ బేర్స్ సినిమాలో టెండర్‌హార్ట్ బేర్ కూడా ఆమే. 2010లో కన్నుమూశారు.

[మూడు రెయిన్‌డీర్ల నీడలు పక్కపక్కన. ఒకే శబ్ద తరంగం మూడింటి మీదుగా సాగుతుంది.]

ఈ సినిమాలో నాకు అన్నింటికన్నా ఆసక్తిగా అనిపించేది ఇప్పుడు చెప్తాను. రుడాల్ఫ్‌ను బాధపెట్టిన పెద్దలు ముగ్గురు. ముక్కు చూసి సిగ్గుపడి దాన్ని దాచేసిన తండ్రి డానర్. నల్ల ముక్కు ఊడిపోగానే వీడిని ఇక ఆటల్లోకి రానివ్వం అని పిల్లలందరి ముందూ చెప్పిన కోచ్ కామెట్. నా కూతురు ఎర్ర ముక్కు వాడితో తిరగడానికి వీల్లేదన్న, రుడాల్ఫ్ స్నేహితురాలు క్లారిస్ తండ్రి. ఈ ముగ్గురినీ పలికింది ఒక్కరే, పాల్ క్లిగ్మన్.

ఒక నటుడికి మూడు నాలుగు పాత్రలు ఇవ్వడం ఖర్చు తగ్గించే పాత రేడియో పద్ధతి. బహుశా ఇక్కడా అంతే. కారణం ఏదైనా, వినే పిల్లాడి చెవిలో ఏం జరుగుతుందో చూడండి. ఇంట్లో, మైదానంలో, స్నేహితురాలి దగ్గర, ఎక్కడికి వెళ్లినా కాదు పొమ్మనే గొంతు ఒకటే. క్లిగ్మన్ ముగ్గురికీ యాస, బరువు మార్చారు. అయినా అడుగున ఆ కరకుదనం మారలేదు. ఇదే గొంతు తర్వాత కొడుకు కోసం మంచులో వెతుక్కుంటూ బయల్దేరుతుంది, చివర్లో క్షమాపణ కూడా అడుగుతుంది. అందుకే ఆ క్షమాపణ ఒక్క డానర్ నోటి నుంచి వచ్చినట్టు నాకు వినిపించదు. ముగ్గురి తరఫునా వచ్చినట్టుంటుంది.

శాంటా గొంతు స్టాన్ ఫ్రాన్సిస్‌ది. ఈ శాంటా మనం బొమ్మల్లో చూసే నవ్వుల తాత కాదు. విసుక్కుంటాడు, ముక్కు చూసి ఇలాంటి కొడుకును దాచినందుకు సిగ్గుపడమని డానర్‌నే గద్దిస్తాడు. ఇదే స్టాన్ ఫ్రాన్సిస్ మరో పాత్ర కూడా చేశారు. ఎవరికీ అక్కర్లేని బొమ్మలను తన దీవిలో దాచుకునే రెక్కల సింహం, కింగ్ మూన్‌రేసర్. ఈ బొమ్మలకు ఇళ్లు వెతికిపెట్టమని శాంటాకు చెప్పు అని రుడాల్ఫ్‌ను వేడుకునేది ఆయనే. అంటే వేడుకున్న గొంతూ, వినాల్సిన గొంతూ ఒక్కటే.

[మంచు గుట్ట మీద గొడ్డలి పట్టుకున్న మనిషి, పక్కన చిన్న ఎల్ఫ్.]

ఇల్లు వదిలిన రుడాల్ఫ్‌కు తోడయ్యేవాళ్లు ఇద్దరు. శాంటాకు బొమ్మలు చేసిపెట్టే ఎల్ఫ్‌లనే చిట్టి మనుషుల్లో ఒకడై, ఆ పని ఇష్టం లేక పళ్ల డాక్టర్ అవుతానని మొండికేసిన హెర్మీకి పాల్ సోల్స్, వెండి బంగారాల కోసం మంచు తవ్వుకుంటూ తిరిగే యూకాన్ కార్నీలియస్‌కు లారీ డి. మాన్. సోల్స్ గొంతు సన్నగా, మర్యాదగా ఉంటుంది, కానీ తగ్గదు. మాన్ గొంతు గది నిండా పరుచుకుంటుంది. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతుంటే బొమ్మ చూడకుండానే ఎవరు పొడుగో ఎవరు పొట్టో తెలిసిపోతుంది. హెర్మీని అరిచి అదిలించే ఎల్ఫ్ మేస్త్రీ కార్ల్ బానస్. క్లారిస్‌గా మాట్లాడింది, రుడాల్ఫ్‌ను ఓదారుస్తూ పాడింది జానిస్ ఓరెన్‌స్టీన్.

వెండీ బంగారం గురించిన పాట నిజానికి యూకాన్ నోట రావాల్సింది. పాత్రను చూస్తేనే తెలుస్తుంది. అది చివరికి బర్ల్ ఐవ్స్‌కు వెళ్లింది. ఈ తారాగణంలో అమెరికా మొత్తానికి తెలిసిన ఒకే ఒక్క పేరు ఐవ్స్. జానపద గాయకుడు, 'ద బిగ్ కంట్రీ' సినిమాకు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ అందుకున్నవారు. కథ చెప్పే మంచుమనిషి శామ్ ఆయనే. బొమ్మకు ఆయన గడ్డం, మీసం కూడా పెట్టారు. ఆయన ఇందులో పాడిన 'ఎ హాలీ జాలీ క్రిస్మస్' 1965లో మళ్లీ రికార్డయింది. ఆయన 1995లో పోయారు. ఆ పాట 2019లో బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి పదిలోకి వచ్చింది. ఐవ్స్ గొంతులో ఉన్న వెచ్చదనం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. శామ్ లేకపోతే ఆ కథ అంత నెమ్మదిగా, అంత దగ్గరగా మనతో మాట్లాడేది కాదు. కానీ మాన్ గొంతులో ఆ పాట ఎలా ఉండేదో వినాలని మనసు లాగుతూనే ఉంటుంది.

[దీవి మీద బొమ్మలు. వాటిలో ఒక గుడ్డబొమ్మ తల వంచుకుని.]

అక్కర్లేని బొమ్మల దీవిలో పెట్టెలోంచి ఎగిరివచ్చే బొమ్మ చార్లీ గొంతు ఆల్ఫీ స్కాప్‌ది. ఈయన 1971లో 'ఫిడ్లర్ ఆన్ ద రూఫ్' సినిమాలో పుస్తకాలమ్మే అవ్రామ్. తనను ఎవరూ కోరుకోరని దిగులుపడే గుడ్డబొమ్మ డాలీ గొంతు కోరిన్ కాన్లీది. 1964 ప్రసారంలో శాంటా వెళ్లి ఈ బొమ్మలను తీసుకెళ్లే సీన్ లేదు. మాట ఇచ్చారు, నిలబెట్టుకోలేదు. అది చూసిన ప్రేక్షకులు ఊరుకోలేదు, ఉత్తరాలు రాశారు. 1965లో ఆ సీన్ చేర్చారు. దానికి చోటు చేయడానికి యూకాన్ పెప్పర్‌మింట్ గని కనుక్కునే ముక్క తీసేశారు. కదలని ప్లాస్టిక్ కళ్ల బొమ్మల కోసం జనం ఉత్తరం రాసేంతగా కదిలిపోయారంటే, అందులో కాన్లీ, స్కాప్ గొంతుల వాటా ఎంతో డాలీ మాటలు ఒక్కసారి కళ్లు మూసుకుని వింటే తెలుస్తుంది.

[క్యాలెండర్ పేజీలు: 1964, 1972, 2024.]

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 1972లో ఈ సినిమా సీబీఎస్ అనే మరో చానల్‌కు మారింది, 2024లో తిరిగి ఎన్‌బీసీకి వచ్చింది. మధ్యలో ఒక్క ఏడాదీ ఆగలేదు. కానీ మళ్లీ ప్రసారం చేసినప్పుడు నటులకు ఇచ్చే సొమ్ము వాళ్ల ఒప్పందం ప్రకారం తొలి కొన్నేళ్లకే. ఆ తర్వాత ఏటా సినిమా వచ్చింది, చెక్కు రాలేదు. చవక అని టొరంటో వెళ్లడానికి అర్థం ఇదే. ఇది అన్యాయం. ఆ మాట నేను వెనక్కి తీసుకోను.

ఆ బృందం మాత్రం చెదిరిపోలేదు. 1967లో స్పైడర్‌మ్యాన్ కార్టూన్ మొదలైనప్పుడు నిర్మాతలు మళ్లీ టొరంటోకే వచ్చారు. పళ్ల డాక్టర్ కావాలనుకున్న హెర్మీ, అదే పాల్ సోల్స్, స్పైడర్‌మ్యాన్ అయ్యారు. క్లిగ్మన్ పత్రికాధిపతి జేమ్సన్‌గా అతన్ని తిడుతూ కూర్చున్నారు. కథనం బెర్నార్డ్ కోవాన్. రుడాల్ఫ్‌లో పలికిన పెగ్ డిక్సన్, కార్ల్ బానస్ ఇందులోనూ ఉన్నారు. ముందు రుడాల్ఫ్ చూసి, వెంటనే ఆ స్పైడర్‌మ్యాన్ ఎపిసోడ్ ఒకటి పెట్టుకోండి. జేమ్సన్ నోరు తెరిచిన మొదటి నిమిషంలోనే డానర్‌ను పట్టేస్తారు.