అయస్కాంతత్వం ఆగిపోయే చోట పుట్టే అతివాహకత

అందరికీ నమస్కారం. అయస్కాంతత్వానికీ, అతివాహకతకీ (అంటే సూపర్ కండక్టర్లలో ఏ నిరోధమూ లేకుండా విద్యుత్ ప్రవహించే గుణానికీ) అస్సలు పడదని చాలాకాలం అనుకున్నారు. నిజానికి అలా అనుకోవడానికి గట్టి కారణమే ఉంది: మామూలు సూపర్ కండక్టర్‌లో ఎలక్ట్రాన్లు ఒకదాని స్పిన్ (ఎలక్ట్రాన్‌ని ఓ చిట్టి అయస్కాంతంలా చేసే గుణం) పైకి, ఇంకోదాని స్పిన్ కిందికి ఉండేలా జతకడతాయి, అందులో అయస్కాంత పరమాణువులు కాస్త కలిసినా ఆ జంటలు విడిపోతాయి.

అలాంటిది 1979లో జర్మనీలో ఫ్రాంక్ స్టెగ్లిష్ బృందం, సీరియం, రాగి, సిలికాన్ కలిసిన ఒక సమ్మేళనం దాదాపు అర కెల్విన్ దగ్గర, అంటే పరమశూన్యానికి అర డిగ్రీ పైన, అతివాహకంగా మారుతోందని చూపించింది. సీరియం అక్కడ మలినం కాదు, స్ఫటికమంతా అదే! దాని బదులు అయస్కాంతత్వం లేని లాంథనం పెడితే అతివాహకత మాయం. మొదట్లో చాలామంది నమ్మలేదు.

సీరియంలోని ఎఫ్ ఎలక్ట్రాన్ల (దాని అయస్కాంతత్వానికి కారణమైన లోపలి ఎలక్ట్రాన్ల) ముందు రెండు దారులున్నాయి. పక్క పరమాణువుల స్పిన్‌లతో కలిసి ఒక వరుసలో నిలబడటం ఒకటి. లోహంలో తిరిగే ఎలక్ట్రాన్లతో ముడిపడి, తన అయస్కాంతత్వాన్ని పోగొట్టుకోవడం రెండోది, దీన్నే కోండో ప్రభావం అంటారు; అప్పుడు ఎలక్ట్రాన్లు వందల రెట్లు బరువెక్కినట్టు ప్రవర్తిస్తాయి, హెవీ ఫెర్మియాన్ అన్న పేరు అందుకే. సీరియం సమ్మేళనాన్ని గట్టిగా నొక్కితే మొగ్గు రెండోవైపుకి తిరుగుతుంది, అయస్కాంత క్రమం మొదలయ్యే ఉష్ణోగ్రత తగ్గుతూ తగ్గుతూ సున్నా కెల్విన్‌కి చేరుతుంది. అదే క్వాంటమ్ క్రిటికల్ పాయింట్. అక్కడ స్పిన్‌లని ఊపేది వేడి కాదు, అనిశ్చితత్వ సూత్రమే.

నాకు బాగా ఇష్టమైన ప్రయోగం 1998 నాటి కేంబ్రిడ్జ్ బృందానిది. సీరియం, పలేడియం, సిలికాన్ సమ్మేళనంలో అయస్కాంత క్రమం మామూలుగా 10 కెల్విన్ దగ్గర మొదలవుతుంది. సుమారు 28 కిలోబార్ల (వాతావరణ పీడనానికి దాదాపు 28 వేల రెట్ల) పీడనంలో అది సున్నాకి పడిపోతుంది, సరిగ్గా ఆ చుట్టుపక్కలే, అర కెల్విన్ కన్నా తక్కువలో, అతివాహకత తలెత్తుతుంది. ఇంకో సంగతి, మామూలు లోహంలో అతిశీతల స్థితిలో విద్యుత్ నిరోధం ఉష్ణోగ్రత వర్గంతో పెరగాలి, ఇక్కడ ఘాతం రెండు కాదు, సుమారు 1.2. అంటే జంటలు కట్టడానికి ముందే ఎలక్ట్రాన్లు మామూలుగా లేవు. శత్రువనుకున్న ఆ స్పిన్ కదలికలే జంటల్ని కలుపుతున్నాయని దీన్నిబట్టి చాలామంది నమ్ముతున్నారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణి.

అయితే అన్నిచోట్లా ఊగేది స్పిన్‌లేనా? సీరియం, రోడియం, ఇండియం సమ్మేళనంలో జపాన్ పరిశోధకులు 2005లో చూసిందేమిటంటే, అయస్కాంతత్వం పోయే పీడనం దగ్గర ఫెర్మి ఉపరితలం (లోహంలో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు నిండిన స్థితులకి హద్దు) కూడా ఒక్కసారిగా మారిపోతోంది. అంటే అప్పటిదాకా పక్కకి నిలబడ్డ ఎఫ్ ఎలక్ట్రాన్లు అక్కడ ప్రవాహంలోకి దిగుతున్నాయన్నమాట. అయస్కాంత క్రమంతోపాటు కోండో బంధం కూడా ఆ బిందువు దగ్గరే తెగుతోందా అన్నదాని మీద ఇప్పటికీ గట్టి వాదనలు నడుస్తున్నాయి.