పాల ప్యాకెట్ మూల

వేదిక మీది పెద్దలకు, కాలనీ వాళ్లకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. జూన్ 5 పర్యావరణ దినం కదా, మొక్కల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏమీ అనుకోకండి, నేను చెత్త గురించి చెప్తాను.

పోయిన వారం పొద్దున్నే చెత్త ఆటో దగ్గర నిలబడ్డాను. ఆటోలో అమ్మాయి ముడేసిన నల్ల కవరు ఒకటి చేత్తో చింపింది. లోపల రాత్రి మిగిలిన సాంబారన్నం, నాలుగైదు పాల ప్యాకెట్లు, పగిలిన గాజు గ్లాసు. వేలు తెగింది. కొంగుతో అదిమి పట్టుకుని, "ఏం కాలేదు సార్" అని మళ్లీ అదే కవర్లో చెయ్యి పెట్టింది. ఆ కవరు మా ఇంటిదండీ. ఆ గ్లాసు పగలగొట్టింది నేనే.

మా అమ్మ పాల ప్యాకెట్ కడిగి, దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేసేది. పాత సామాన్లతను తూకం వేసి కొనుక్కునేవాడు. అదే ప్యాకెట్ సాంబారులో నానితే ఎవరూ కొనరు, కడిగే ఖర్చు గిట్టదు. ఇక జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే. గరిటెడు సాంబారు చాలు, సంచెడు మంచి ప్లాస్టిక్ పాడవడానికి.

అమ్మలూ, ఇంకోటి. ప్యాకెట్ మూల కత్తిరిస్తారు కదా, ఆ గోరంత ముక్క ఏమవుతోంది? సింకులోకి, నాలాలోకి, వానొస్తే మూసీలోకి. పూర్తిగా తెంచకండి. ముక్క ప్యాకెట్‌కే వేలాడనివ్వండి.

పిల్లలూ, చిప్స్ ప్యాకెట్ లోపల వెండిలా మెరుస్తుంది, చూశారా? ప్లాస్టిక్ మీద లోహపు పూత అది. ఆ పొరలు విడదీయడం కష్టం, అందుకే పాత సామాన్లతను ముట్టుకోడు. దాన్ని ఎంత కడిగినా లాభం లేదు, కొనడమే తగ్గించాలి.

"మేం వేరుచేసి ఇచ్చినా ఆటోలో కలిపేస్తున్నారు" అంటారు. నిజమే, నేనూ చూశాను. కోపం వచ్చింది, గట్టిగానే అడిగాను. తడి, పొడి, హానికర చెత్త వేరుగా ఇవ్వాలని 2016 చెత్త నిర్వహణ నిబంధనల్లోనే చెప్పారు. వేరుగా తీసుకెళ్లాల్సిన బాధ్యత వాళ్లకీ ఉంది. అయినా ఆరిన ప్యాకెట్లు విడిగా సంచిలో ఇచ్చి చూడండి. ఆ అమ్మాయి పక్కన పెట్టుకుంటుంది, అమ్మితే ఆమెకు నాలుగు డబ్బులొస్తాయి.

గాజు పగిలితే మందంగా పేపర్లో చుట్టి, పైన ఎర్ర పెన్నుతో 'గాజు' అని రాయండి. ఈ రాత్రికే. రేపు ఏడింటికి ఆటో వస్తుంది. ఆమె వేలికి కట్టు ఇంకా విప్పలేదు.