బైబిలు మూయకముందే

శ్రోతలకు నమస్కారం.

చాలా క్రైస్తవ కుటుంబాల్లో రాత్రి పడుకోబోయే ముందు కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒక పాట పాడుకుంటారు. పిల్లల్లో ఒకరు వాక్యభాగం చదువుతారు. బైబిలు మూసేస్తారు. అందరూ మోకాళ్లూనుతారు, ఇంటి పెద్ద ప్రార్థన మొదలుపెడతారు. నేను పెరిగిన ఇల్లూ అలాంటిదే. ఈ వరుసలో ఒక చిన్న పని గురించే ఇవాళ మాట్లాడదలచుకున్నాను. బైబిలు మూసేయడం గురించి.

చదివింది నెహెమ్యా యెరూషలేము గోడ కట్టించిన సంగతి కావచ్చు, తప్పిపోయిన కుమారుడి ఉపమానం కావచ్చు. ప్రార్థన మాత్రం రోజూ ఒకే దారిన నడుస్తుంది. ప్రయాణాల్లో ఉన్నవారిని కాపాడు, ఆస్పత్రుల్లో ఉన్నవారిని ముట్టి స్వస్థపరచు, విధవరాండ్రను, అనాథలను ఆదరించు, పరీక్షలు రాసే బిడ్డలకు జ్ఞానం దయచేయి. ఈ మనవుల్లో తీసేయదగ్గది ఒక్కటీ లేదు. కానీ ఇప్పుడే కదా దేవుని మాట విన్నాం, దానికి మనం ఏం బదులు చెప్పాం? ఆయన ఒక సంగతి ఎత్తితే మనం వేరే సంగతి మాట్లాడి లేచిపోతున్నామేమో అనిపిస్తుంది నాకు.

వాక్యంలోంచే ప్రార్థన ఎలా పుడుతుందో అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ఉంది. నాకెంతో ఇష్టమైన ఘట్టం. కాస్త వివరంగానే చెబుతాను.

యెరూషలేము దేవాలయంలో శృంగారమనే ద్వారం దగ్గర రోజూ భిక్షమడిగే మనిషి ఒకడుండేవాడు. పుట్టు కుంటివాడు, వయసు నలభై దాటింది. యేసు శిష్యులు పేతురు, యోహాను అటు వచ్చారు, యేసు నామంలో అతన్ని లేపి నిలబెట్టారు. అతను గంతులు వేసుకుంటూ దేవాలయంలోకి వెళ్లాడు. జనం పోగయ్యారు. పొద్దు వాలేసరికి అధికారులు వచ్చి ఇద్దరినీ పట్టుకుని ఆ రాత్రి కావలిలో ఉంచారు. తెల్లవారి యూదుల మహాసభ. అక్కడ కూర్చున్నది ఎవరనుకున్నారు? ప్రధాన యాజకులైన అన్న, కయప. యేసుకు తీర్పు తీర్చినవాళ్లే. అయితే బాగుపడిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఏమని శిక్షిస్తారు? ఇక మీదట యేసు పేరు ఎత్తకూడదని బెదిరించి వదిలేశారు.

ఇద్దరూ నేరుగా తమవాళ్ల దగ్గరికి వచ్చి జరిగిందంతా చెప్పారు. విన్నవాళ్లంతా ఒక్క మనసుతో గొంతెత్తి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థన ఎలా సాగిందో వినండి. ముందు, ఆకాశాన్నీ భూమినీ సముద్రాన్నీ కలుగజేసినవాడివి నీవే అన్నారు. వెంటనే రెండో కీర్తన అందుకున్నారు. “అన్యజనులు ఏల అల్లరి చేసిరి?” భూరాజులు, అధికారులు ఏకమై ప్రభువు మీదికి లేచారని చెప్పే కీర్తన అది. ఎన్నో తరాలుగా వస్తున్న మాట. కీర్తనలో రాజులు అని మాత్రమే ఉంది. వీళ్లు పేర్లు పెట్టారు. హేరోదు, పొంతి పిలాతు. ఎక్కడ? ఈ పట్టణంలోనే, అన్నారు. పాత కీర్తనలోకి తమ ఊరు వచ్చింది, తమ అధికారులు వచ్చారు, నిన్నటి రాత్రి వచ్చింది.

మరి ఏం అడిగారు? అదే రెండో కీర్తనలో శత్రువులను ఇనుపదండంతో నలగగొట్టడం, కుండను పగలగొట్టినట్టు పగలగొట్టడం కూడా ఉంది. నోటి దగ్గరే ఉన్న ఆ మాటను వాళ్లు తీసుకోలేదు. ప్రభువా, వాళ్ల బెదిరింపులు చూడు, మేము ధైర్యంగా నీ వాక్యం చెప్పేలా చేయి, రోగులను స్వస్థపరచడానికి నీ చెయ్యి చాపు అన్నారు. అంతే. వాళ్లు కూడి ఉన్న చోటు కంపించింది. ధైర్యం అడిగారు, ధైర్యమే దొరికింది.

ఇందులో మనం రోజూ చేయగలిగేది ఒకటే. ఒక్క వాక్యం, ఒక్క పేరు. చదివిన భాగంలో మనసుకు తగిలిన ఒక్క వాక్యం తీసుకోండి, అందులోకి ఇవాళ్టి ఒక్క పేరు తీసుకురండి. లూకా 15లో పెద్ద కుమారుడు ఇంట్లోకి రానంటే తండ్రే బయటికి వచ్చి బతిమాలాడు. అది చదివిన రోజు ఇలా అనవచ్చు: “తండ్రీ, నీవు బయటికి వచ్చి బతిమాలేవాడివి. పొలం పంపకాలనాటి నుంచి మాటల్లేని మా అన్నయ్య దగ్గరికి వెళ్లు. గడప దాటనిది నేనైతే నా దగ్గరికి రా.” రెండు నిమిషాలు పట్టదు. అయినా ఆ రోజు చదివిన వాక్యం ప్రార్థనలోకి వచ్చేసింది.

ఏ భాగం చదవాలి అంటారా? ఇంగ్లండులోని ఆంగ్లికన్ సంఘం 1549లోనే తన ప్రార్థన గ్రంథంలో 150 కీర్తనలను నెలకు సరిపడా పంచింది. ఒకటో తేదీ ఉదయం 1 నుంచి 5, సాయంత్రం 6 నుంచి 8, అలా. మీ సంఘంలో ఇచ్చే అనుదిన పఠనాల పట్టిక ఏదైనా సరే. పట్టిక ప్రకారం చదవడమే మంచిదని నా అభిప్రాయం. మనకు నచ్చినవే ఏరుకుంటే 88వ కీర్తన దగ్గరికి ఎప్పటికీ వెళ్లం. చీకటితోనే ముగిసే కీర్తన అది. మన ఇంట్లో శుభకార్యం జరిగిన రోజునే అది రావచ్చు. దాటేయకండి. ఆ చీకటిలో ఉన్నవాళ్లు మనకు తెలిసినవాళ్లలో ఎవరో ఒకరు ఉంటారు. ఆ కీర్తనను వాళ్ల పేరుతో, వాళ్ల పక్షంగా చదవండి.

రాత్రి కుటుంబ ప్రార్థనలో ఈ పని మరీ తేలిక. భాగాన్ని నిదానంగా, గట్టిగా రెండుసార్లు చదవండి. బైబిలు తెరిచే ఉంచండి. ఇంట్లో చదువు రాని నాయనమ్మో అమ్మమ్మో ఉంటే, ఇవాళ ఏ వాక్యం పట్టుకుని ప్రార్థన చేద్దామని ముందు ఆవిడనే అడగండి.