పాడైన ఫ్రిజ్ ఎవరిది?

శ్రోతలకు నమస్కారం.

ఏళ్ళ తరబడి వాడిన ఫ్రిజ్ ఒకరోజు ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి చూసి, కంప్రెసర్ పోయిందండీ, బాగు చేయించినా దండగే అంటాడు. ఇక ఆ ఫ్రిజ్ ఎవరిది? డబ్బులు పోసి కొన్నాం కాబట్టి మనదే అనుకుంటాం. వీధిలో పెడితే మున్సిపాలిటీ వాళ్ళ తలనొప్పి అవుతుంది. పాత సామాన్లు కొనే ఆటో అతను ఎంతోకొంత చేతిలో పెట్టి ఎక్కించుకుపోతే అతనిది. స్వీడన్‌లో లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ 1990లో తమ దేశ పర్యావరణ శాఖ కోసం రాసిన నివేదికలో ఇంకో జవాబు ఇచ్చారు. అమ్మేసినంత మాత్రాన కంపెనీ బాధ్యత తీరిపోదు, వస్తువు ఆయుష్షు తీరాక దాన్ని వెనక్కి తీసుకుని, విడగొట్టి, పనికొచ్చేది మళ్ళీ వాడి, పనికిరానిది జాగ్రత్తగా వదిలించే భారం కూడా తయారుచేసినవాళ్ళదే అన్నది ఆ ఆలోచన.

ఎందుకు వాళ్ళదే? ఎందుకంటే ఫోన్ బ్యాటరీని స్క్రూలతో బిగించాలా, గమ్ వేసి అతికించాలా అన్నది మనం నిర్ణయించం, మున్సిపాలిటీ కూడా నిర్ణయించదు. ఆ నిర్ణయం కంపెనీలో డిజైన్ చేసే ఇంజినీరుది. విడగొట్టే ఖర్చు తిరిగొచ్చి ఆ కంపెనీ నెత్తినే పడితే, మరుసటి మోడల్‌ని విప్పడానికి వీలుగా చేస్తారు, ఎక్కువ కాలం వచ్చేలా చేస్తారు, అందులో విషాలు తగ్గిస్తారు. అంటే ఈ ఆలోచనతో వచ్చిన చట్టాల అసలు ఉద్దేశం చెత్త ఎత్తడం ఒక్కటే కాదు, వస్తువు తయారయ్యే తీరునే మార్చడం. ఇది గుర్తుంచుకోండి, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైంది. అందులో సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకి దొరికింది 22.3 శాతమే. ఇలాగే పోతే 2030 నాటికి 8 కోట్ల 20 లక్షల టన్నులకి చేరుతుందట. చట్టాలు లేకనా అంటే, అదీ కాదు. 81 దేశాల్లో చట్టాలున్నాయి, వాటిలో 67 దేశాల్లో ఉత్పత్తిదారుడి బాధ్యత అన్న మాట చట్టంలోనే ఉంది. మరి తేడా ఎక్కడ వస్తోంది? డబ్బు ఎవరు కడుతున్నారు, ఎప్పుడు కడుతున్నారు, ఆ డబ్బు చివరికి ఎవరి చేతికి చేరుతోంది అన్నది చూస్తే చాలావరకు అర్థమవుతుంది.

ముందు స్విట్జర్లాండ్. అక్కడ కంప్యూటర్ కంపెనీలు 1994లోనే తమంతట తామే పాత సామాన్లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టాయి, 1998లో ప్రభుత్వం దాన్ని చట్టం చేసింది. టీవీ కొన్నప్పుడే బిల్లులో రీసైక్లింగ్‌కని కొంత కలుపుతారు. పాడయ్యాక ఆ రకం వస్తువులు అమ్మే ఏ షాపుకైనా తీసుకెళ్ళి ఇచ్చేయొచ్చు, అక్కడ కొన్నారా, కొత్తది కొంటారా అని ఎవరూ అడగరు, పైసా పుచ్చుకోరు. ఇవ్వడం అంత సులువు కాబట్టే అక్కడి జనం ఇస్తారు.

జపాన్ వేరే దారి పట్టింది. 2001 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం టీవీ, ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఈ నాలుగూ పారేసేటప్పుడు ఇంటివాళ్ళే రుసుము కట్టాలి. పారేసేటప్పుడు డబ్బు అడిగితే ఎవరికైనా మనసొప్పదు కదా, కొండదారుల్లో, పొదల్లో గుట్టుగా పడేసిపోయేవాళ్ళు అక్కడా ఉన్నారు. కానీ జపాన్‌లో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. కంపెనీలు రెండు గుంపులుగా ఏర్పడి రీసైక్లింగ్ ప్లాంట్లు నడిపిస్తున్నాయి. తాము చేసిన వాషింగ్ మెషిన్‌ని తమ ప్లాంట్‌లోనే విప్పాల్సి వచ్చేసరికి, ఏ స్క్రూ చేతికి అందట్లేదో, ఏ ప్లాస్టిక్ ఏ రకమో తెలియక ఎక్కడ పని ఆగుతోందో, ఆ కబురు నేరుగా డిజైన్ విభాగానికి వెళ్తుంది. తర్వాతి మోడల్‌లో స్క్రూలు తగ్గుతాయి, ప్లాస్టిక్ మీద రకం పేరు ముద్రించి ఉంటుంది. లిండ్‌క్విస్ట్ కోరుకున్నది ఇదే. టోక్యో ఒలింపిక్స్ పతకాలు పాత ఫోన్లు, కెమెరాలు, చిన్నాచితకా పరికరాల నుంచి తీసిన లోహంతో చేశారని వినే ఉంటారు. సుమారు 79 వేల టన్నుల సామాన్లు సేకరిస్తే, 62 లక్షల ఫోన్లు కూడా కలిపి, అందులోంచి వచ్చిన బంగారం 32 కిలోలు.

యూరోపియన్ యూనియన్ 2003లో అన్ని సభ్యదేశాలకీ కలిపి నిబంధనలు తెచ్చింది. 400 చదరపు మీటర్లు దాటిన షాపులు చిన్న పరికరాలని ఊరికే తీసుకోవాలి. 2019 నుంచి, అంతకు ముందు మూడేళ్ళలో అమ్మిన సరుకు సగటు బరువులో 65 శాతం వెనక్కి సేకరించాలి. చాలా దేశాలు ఇప్పటికీ ఆ లక్ష్యం అందుకోలేదు. అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి ఉంది. అక్కడ చాలావరకు కంపెనీలన్నీ ఒక సంఘంగా చేరి, ఎవరు ఎంత బరువు సరుకు అమ్మితే ఆ వంతున ఖర్చు పంచుకుంటాయి. అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ బిల్లు అందరూ సమానంగా పంచుకుంటే కుళాయి కట్టేసే ఇంటికి మిగిలేదేముంది? ఇదీ అంతే. విప్పడానికి వీలుగా ఫోన్ చేసిన కంపెనీ, గమ్ వేసి అతికించేసిన కంపెనీ, కిలోకి ఒకే రేటు కడుతుంటే, కష్టపడి డిజైన్ మార్చాలని ఎవరికి అనిపిస్తుంది?

అందుకే నా ఉద్దేశంలో యూరప్‌లో నిజంగా పనిచేసింది ఈ రుసుము కాదు, నేరుగా తయారీ మీద పెట్టిన షరతులు. 2006 జూలై 1 నుంచి సీసం, పాదరసం, కాడ్మియం లాంటివి ఇంత శాతానికి మించితే అక్కడ అమ్మనివ్వం అన్నారు. కంపెనీలు యూరప్‌కి ఒక రకం, మిగతా ప్రపంచానికి ఒక రకం చేయలేక చాలాచోట్ల సీసం లేని టంకంతో బోర్డులు చేయడం మొదలుపెట్టాయి. ఫ్రాన్స్‌లో 2021లో, ఫోన్ పక్కన ధరతో పాటు, అది రిపేరుకి ఎంత అనువో పదికి ఇన్ని మార్కులని కూడా రాసిపెట్టాలని నియమం తెచ్చారు. 2024 డిసెంబర్ చివరి నుంచి యూరప్‌లో అమ్మే కొత్త ఫోన్లన్నిటికీ ఒకే రకం చార్జింగ్ పోర్టు ఉండాలి.

ఇక అమెరికాలో మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. దేశం మొత్తానికి వర్తించే చట్టం అక్కడ లేదు. కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళు టీవీ కొన్నప్పుడు బిల్లులో రుసుము కడతారు, అది ప్రభుత్వ నిధికి పోతుంది. డాలస్‌లో ఉండేవాళ్ళకి టెక్సాస్ చట్టం ప్రకారం కంప్యూటర్ కంపెనీయే తన బ్రాండ్ పాత కంప్యూటర్‌ని ఊరికే తీసుకోవాలి. ఇంచుమించు సగం రాష్ట్రాల్లో ఏ చట్టమూ లేదు.

ధనిక దేశాల్లో రీసైక్లింగ్‌కి ఖర్చెక్కువ, కూలి ఎక్కువ. అందుకని ఏళ్ళ తరబడి చాలా సరుకు, ఇంకా పనికొస్తుంది అన్న పేరు మీద, ఓడల్లో బీద దేశాలకి చేరింది. దీన్ని ఆపడానికే 1989లో బాసెల్ ఒప్పందం వచ్చింది, అమెరికా సంతకం చేసింది కానీ ఇప్పటిదాకా ఆమోదించలేదు. చైనాలో గుయియు అనే ఊరి పరిస్థితి 2002లో ప్రపంచానికి తెలిసింది: సర్క్యూట్ బోర్డులని బొగ్గుల మీద కాల్చి చిప్పులు ఊడదీయడం, యాసిడ్‌లో ముంచి బంగారం తీయడం, మిగిలింది ఏట్లో పోయడం. ఘనాలో ఆక్రా దగ్గర ఆగ్బొగ్బ్లోషీలో రాగి కోసం కేబుళ్ళు తగలబెట్టేవారు. ఆ చుట్టుపక్కల తిరిగే కోళ్ళ గుడ్లు పరీక్షించారు. ఒక్క గుడ్డు తింటే చాలు, పెద్దవాళ్ళకి యూరప్ ప్రమాణాల ప్రకారం రోజుకి హద్దనుకున్న దానికి 220 రెట్ల డయాక్సిన్లు అనే విష రసాయనాలు ఒంట్లోకి చేరతాయని 2019లో తేలింది. అది పిల్లలకి పెట్టే గుడ్డు. 2025 జనవరి 1 నుంచి ప్రమాదకరమైనదైనా కాకపోయినా, ఎలక్ట్రానిక్ చెత్త ఏదైనా సరే, అందుకునే దేశం ముందుగా ఒప్పుకుంటేనే పంపాలి అన్న నియమం వచ్చింది. ఆలస్యంగానైనా మంచి పని జరిగింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. చైనా, అమెరికాల తర్వాత ఎక్కువ ఎలక్ట్రానిక్ చెత్త మన దేశానిదే. 2012 మే నుంచి నిబంధనలున్నాయి, 2016లో మార్చారు, ఇప్పుడు నడుస్తున్నవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 106 రకాల వస్తువులు వీటి కిందికి వస్తాయి. కంపెనీలు గతంలో అమ్మి, ఇప్పుడు ఆయుష్షు తీరే వేళకి వచ్చిన సరుకులో మొదటి రెండేళ్ళు 60 శాతం, తర్వాత రెండేళ్ళు 70, 2027-28 నుంచి 80 శాతం రీసైకిల్ అయినట్టు చూపించాలి. చూపించడం అంటే కంపెనీ తానే సేకరించనక్కర్లేదు. నమోదైన రీసైక్లర్ లోహం తీసి, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో లెక్క చూపిస్తే సర్టిఫికెట్ వస్తుంది, కంపెనీ ఆ సర్టిఫికెట్ కొనుక్కుంటుంది. ఈ సర్టిఫికెట్లు బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము ఈ నాలుగింటికే. మిగతా అరుదైన లోహాలు తీసినా తీయకపోయినా లెక్కలో తేడా రాదు.

అయితే పాడైన వస్తువుని ఇంటి గుమ్మం నుంచి మోసుకెళ్ళేది ఎవరు? మైకులో పిలుచుకుంటూ వచ్చే ఆటో అతను, గుజిరీ షాపు అతను. మన దేశంలో సేకరణలో ఎక్కువ భాగం వాళ్ళ చేతుల మీదుగానే జరుగుతోంది. కొత్త నిబంధనల్లో తయారీదారు, అమ్మే కంపెనీ, బాగుచేసి మళ్ళీ అమ్మేవాళ్ళు, రీసైక్లర్, ఈ నలుగురే నమోదు కావాలి. సేకరించేవాళ్ళకి అందులో చోటు లేదు. మంచి ధర ఎవరిస్తే సరుకు అక్కడికే పోతుంది, ఢిల్లీలో సీలంపూర్ లాంటి చోట్ల ఇప్పటికీ వట్టి చేతులతో యాసిడ్ పని జరుగుతోంది. టెక్నాలజీ లేక కాదు. హైదరాబాద్ చర్లపల్లిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతి తయారుచేసింది. ప్లాంటుకి సరుకు చేర్చే మనిషికి గిట్టుబాటు కాకపోవడమే సమస్య.

2024లో ప్రభుత్వం సర్టిఫికెట్లకి కనీస ధర పెట్టింది, ఇళ్ళలో వాడే ఎలక్ట్రానిక్ సామాన్లకి కిలోకి 22 రూపాయలు. రేటు మరీ తక్కువైతే రీసైక్లర్లు సరైన పద్ధతిలో పని చేయలేరని ప్రభుత్వం వాదన. ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుందని డైకిన్, శామ్‌సంగ్, ఎల్‌జీ లాంటి కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళాయి. నా మాట అడిగితే కనీస ధర ఉండి తీరాలి, కానీ ఆ 22 రూపాయల్లో ఆటో అతని వంతు ఎంత అన్నది కూడా నిబంధనలోనే రాయాలి. అతనికి ఆ నాలుగు రూపాయలు ఎక్కువొస్తే సరుకు కాల్చేవాడి దగ్గరికి కాక ప్లాంటుకి వెళ్తుంది.

చివరగా ఒక జాగ్రత్త. ప్లాస్టిక్ టబ్బులకీ, గిన్నెలకీ పాత ఫోన్లు మార్చుకునేవాళ్ళు ఊళ్ళలో తిరుగుతుంటారు. 2024లో గోదావరిఖనిలో అలా సేకరించిన ఫోన్లు దాదాపు నాలుగు వేలు గోనెసంచుల్లో పోలీసులకి దొరికాయి, సైబర్ మోసాలకి వాడటానికని కేసు పెట్టారు. కాబట్టి ఫోన్ ఇచ్చే ముందు సిమ్, మెమరీ కార్డు తీసేయండి, మీ అకౌంట్లలోంచి బయటికి వచ్చి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చకండి, చెత్తబుట్టలో వేయకండి. మన రాష్ట్రాల్లో నమోదైన రీసైక్లర్ల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైట్‌లో ఉంది. కొత్తది కొనేటప్పుడు షాపులో, పాతది ఎక్కడికి పంపిస్తారండీ అని ఒక్కసారి గట్టిగా అడగండి.

సెలవు, నమస్కారం.